ఉచితం వెబ్‌సైటు, మన చీరల కొట్టు

పోయిన వారం గుమ్మడి వడియాలు పెట్టుకోవడం గురించి చెప్పుకున్నాం. ఈ వారం వంటింట్లోంచి కాస్త ఇవతలికొచ్చి వెబ్‌సైటు గురించి మాట్లాడుకుందాం. "అబ్బే, అది పిల్లల వ్యవహారం, మనకెందుకు" అని పేజీ తిప్పేయకండి. ఇంటి దగ్గరే చీరలో, పచ్చళ్ళో, కుట్టిన జాకెట్లో అమ్ముకునే ఆడవాళ్ళు ఇప్పుడు ఏ ఊళ్ళో లేరు చెప్పండి? వాళ్ళలో చాలామందికి ఈపాటికి ఎవరో ఒకరు "మీకో వెబ్‌సైటు చేసిపెడతామమ్మా" అని చెప్పే ఉంటారు. ఆ మాటకు ఊ అనేముందు, ఊహూ అనేముందు కూడా, తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

మా నాయుడుపేటలో, మా వెనక వీధిలో ఒకావిడ వెంకటగిరి చీరలు అమ్ముతుంది. వెంకటగిరి మాకు ఎంతో దూరం కాదు. నేతగాళ్ళ ఇళ్ళకే వెళ్ళి నాణ్యం చూసి తెచ్చుకుంటుంది. ఇన్నాళ్ళూ అమ్మకమంతా వాట్సాప్ స్టేటస్ మీదే. కానీ స్టేటస్ 24 గంటలకు మాయమైపోతుంది కదా! నాలుగో రోజు పొద్దున పోపు మాడుతుండగా ఎవరో ఫోను చేస్తారు. "పోయిన మంగళవారం పెట్టినావే, ఆ చిలకపచ్చది, జరీ అంచుది, ఉండాదా అక్కా?" ఆవిడ స్టవ్ ఆపి ఫోనులో వందల ఫొటోలు వెతకాలి. దొరికేలోపు అవతలావిడ ఇంకెక్కడో కొనేసుకుంటుంది.

అందుకని వెబ్‌సైటు చేయించుకుందామనుకుంది. ఒక కుర్రాడు వచ్చి ల్యాప్‌టాప్ తెరిచి నమూనా చూపించాడు. చక్కగా ఉంది. పైన పెద్ద బొమ్మ, కింద వరసగా గళ్ళు, ఫోనులో చూస్తే ఫోనుకు తగ్గట్టు సర్దుకుంటోంది. "డిజైను మొత్తం మీకోసం కొత్తగా మేమే చేస్తామక్కా, పాతికవేలు అవుతుంది" అన్నాడు. తిరుపతిలో ఇంజినీరింగ్ చదివే ఆవిడ మేనకోడలు ఆ నమూనా చూసి, "అత్తా, ఇది నెట్‌లో ఉచితంగా దొరికే టెంప్లేటే" అని అసలుదాన్ని పక్కన పెట్టి చూపించిందట. తేడా ఒక్కటే. అసలుదాంట్లో అడుగున తయారుచేసినవాళ్ళ పేరుంది. ఈయన చూపించినదాంట్లో అది చెరిపేసి ఉంది.

మరి ఆ కుర్రాడు మోసం చేసినట్టా? పూర్తిగా అలా అనడానికీ లేదు. ముందు ఈ టెంప్లేటు అంటే ఏమిటో చూద్దాం.

జాకెట్టు కటింగు నేర్చుకున్నవాళ్ళకు పేపర్ కటింగ్ తెలుసు. కొలతలు గీసి కత్తిరించిన కాగితాన్ని గుడ్డ మీద పరిచి, దాని వెంబడి కత్తెర వేస్తాం. టెంప్లేటు అలాంటి కాగితమే. కొట్టు పేరు ఇక్కడ, పెద్ద బొమ్మ ఇక్కడ, సరుకుల గళ్ళు ఇక్కడ, "మా గురించి" ఇక్కడ, ఫోను నంబరు అడుగున అని ముందే కత్తిరించి పెట్టిన పేజీ. అందులో వాళ్ళ బొమ్మలు తీసేసి మన బొమ్మలు, వాళ్ళ మాటలు తీసేసి మన మాటలు పెట్టుకోవడమే.

ఆ పేజీ లోపల రెండు భాషలుంటాయి. పేజీలో ఏముందో చెప్పేది హెచ్‌టిఎంఎల్. అది ఎలా కనబడాలో, అంటే రంగు, సైజు, ఖాళీ, వరస ఎలా ఉండాలో చెప్పేది సిఎస్ఎస్. చీర వేరు, చీరకట్టు వేరు అనుకోండి. ఈ రెంటినీ విడదీసే ఆలోచన 1994లో సెర్న్ పరిశోధనాలయంలో పనిచేస్తున్న హోకున్ వియమ్ లీ అనే నార్వే ఆయన ప్రతిపాదించాడు. వెబ్ పుట్టిందీ సెర్న్‌లోనే. 1996 డిసెంబరులో సిఎస్ఎస్ మొదటి ప్రమాణం ఖాయమైంది. అప్పుడు ఫోనులో వెబ్‌సైటు చూసే వాళ్ళెవరు? కంప్యూటరు తెరకు సరిపోతే చాలనుకున్నారు. తర్వాత చేతి ఫోన్లు వచ్చాక ఆ పేజీలే చిన్న తెర మీద చీమతలకాయంత అక్షరాలతో కనబడటం మొదలైంది. కొందరు కంప్యూటరుకు ఒక సైటు, ఫోనుకు ఇంకో సైటు నడిపారు. ధర మారితే రెండుచోట్లా మార్చాలి, అదొక పెద్ద తలనొప్పి.

2010 మే నెలలో ఈథన్ మార్కాట్ అనే అమెరికా డిజైనరు ఒక వ్యాసం రాసి, దీనికి దారి చూపించి, 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' అని పేరు పెట్టాడు. మనకు ఇది కొత్త సంగతేం కాదు. కుట్టిన చుడీదార్ ఒకరికే సరిపోతుంది. చీర అలా కాదు, సన్నంగా ఉన్నావిడ నాలుగు కుచ్చిళ్ళు ఎక్కువ పోసుకుంటుంది, బొద్దుగా ఉన్నావిడ రెండు తగ్గించుకుంటుంది. ఒకటే గుడ్డ. రెస్పాన్సివ్ పేజీ కూడా అంతే. కంప్యూటరులో వరసకు నాలుగు చీరల బొమ్మలు చూపిస్తుంది. ట్యాబ్‌లో రెండు. ఫోనులో ఒకదాని కింద ఒకటి. తెర వెడల్పు ఎంతుందో చూసుకుని కట్టు మార్చుకునే ఏర్పాటు సిఎస్ఎస్‌లోనే ఉంది. 2017లో 'గ్రిడ్' అనే సదుపాయం అన్ని ముఖ్యమైన బ్రౌజర్లలోకీ వచ్చాక ఈ పని మరీ సులువైంది. చుక్కలు పెట్టుకుని ముగ్గు వేసినట్టే, ఏ గడి ఎక్కడో ముందే చెప్పేయవచ్చు.

టెంప్లేటు నిజంగా ఇలా సర్దుకుంటుందో లేదో చూడడానికి చదువేమీ అక్కర్లేదు. కంప్యూటరులో దాన్ని తెరిచి, కిటికీ అంచు పట్టుకుని ఎడమకు నెట్టండి. గళ్ళు వరస మారి కిందికి దిగాలి. అడుగున పక్కకు జరిపే పట్టీ కనబడకూడదు. ఇంట్లో ఉన్న అన్నిటికన్నా పాత ఫోనులో కూడా చూడండి, అడ్డంగా తిప్పి చూడండి. ఒక్కోసారి టెంప్లేటు మంచిదే అయినా, మార్పులు చేసేటప్పుడు 'వ్యూపోర్ట్' అనే ఒక్క వరుస ఎగిరిపోతుంది. అది లేకపోతే ఫోను ఆ పేజీ పెద్ద తెరకోసమే అనుకుని మొత్తాన్ని కుదించి చూపిస్తుంది. ఫోనులో అక్షరాలు మరీ చిన్నగా ఉంటే, "వ్యూపోర్ట్ వరుస ఉందా బాబూ?" అని అడగండి. ఈవిడకు కొంత తెలుసన్న సంగతి కూడా అతనికి అర్థమవుతుంది!

ఇక ఉచితం సంగతి. మన ఊళ్ళో జాతరప్పుడు ఉచితంగా మజ్జిగ పోస్తారు, తాగి గ్లాసు అక్కడే పెట్టి రావాలి. టెంప్లేట్లకూ అలాంటి షరతులుంటాయి. ఆ షరతుల కాగితాన్ని లైసెన్సు అంటారు. డౌన్‌లోడ్ చేసిన దానితోపాటే వస్తుంది. ఎవరూ చదవరు. ఎక్కువగా కనబడేవి మూడు రకాలు.

ఎంఐటి లైసెన్సు అయితే వ్యాపారానికైనా వాడుకోవచ్చు. పేజీలో పేరు కనబడనక్కర్లేదు, లోపలి ఫైళ్ళలో ఉన్న హక్కుల వాక్యం మాత్రం చెరపకూడదు. ట్విట్టర్‌లో పనిచేసే ఇద్దరు కుర్రాళ్ళు తయారుచేసి 2011లో అందరికీ ఇచ్చేసిన బూట్‌స్ట్రాప్ ఈ లైసెన్సుతోనే దొరుకుతుంది. చాలా టెంప్లేట్లకు అడుగున ఉన్న పునాది అదే. రెండోది క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్. ఇదీ వ్యాపారానికి పనికొస్తుంది కానీ తయారుచేసినవాళ్ళ పేరు చెప్పాలి. హెచ్‌టిఎంఎల్5 అప్ అనే చోట దొరికే అందమైన టెంప్లేట్లన్నీ ఈ షరతు మీదే ఇస్తారు. అడుగున 'డిజైన్' అని ఒక చిన్న మాట, పక్కన వాళ్ళ పేరు, అంతే. అది కూడా వద్దనుకునేవాళ్ళకు డబ్బు కట్టి తీసుకునే దారి వేరే ఉంది. మూడోది, చూడ్డానికి రెండోదానిలాగే ఉంటుంది కానీ 'నాన్ కమర్షియల్' అన్న మాట తగిలించి ఉంటుంది. ఇది పుట్టినరోజు ఫొటోలకు వాడుకోండి. చీరలమ్మడానికి వాడకూడదు.

పేరు ఉంచమన్నచోట చెరిపేస్తే, రేపు వాళ్ళు అడిగేది చెరిపిన కుర్రాణ్ణి కాదు, సైటు మీద పేరున్న మిమ్మల్ని. నా మటుకు నాకు, అడిగినా అడక్కపోయినా ఆ పేరు ఉంచడమే మర్యాద అనిపిస్తుంది. ఎవరో రాత్రిళ్ళు కూర్చుని చేసి ఊరకే ఇచ్చినదాని మీద వాళ్ళ పేరు ఉంటే మన చీరల అందం తగ్గుతుందా?

అలాగని ఆ కుర్రాడి పనికి విలువ లేదనకూడదు. ముప్ఫై చీరల ఫొటోలు సరిచేసి, పేర్లూ ధరలూ ఎక్కించి, తెలుగు కుదిర్చి, ఫోన్లలో పరీక్ష చేసి ఇవ్వడమంటే వారం రోజుల పని. టైలరుకు కుట్టుకూలి ఇస్తాం కదా, అలాగే ఇతనికీ ఇవ్వాలి. కూడనిదల్లా ఊరకే వచ్చిన పేపర్ కటింగ్‌ని నేనే గీశానని చెప్పి దానికి కూడా వెల కట్టడం. మా వీధావిడ ఆ మాటే అడిగింది. "కాగితం ఉచితమే గదా అబ్బాయ్, కుట్టుకూలి ఎంతో చెప్పు" అంది. అతను కాసేపు తల గోక్కుని ఎనిమిదివేలన్నాడు. ఆవిడ ఆరన్నది. ఏడుకు కుదిరింది, అడుగున డిజైనరు పేరు తిరిగి పెట్టే షరతు మీద.

బేరమాడేటప్పుడు నాలుగు లెక్కలు విడివిడిగా రాయించుకోండి. సైటు పేరుకు ఏడాదికెంత, సైటును ఉంచే చోటుకు, అంటే హోస్టింగుకు, ఏడాదికెంత, పనికి ఒకసారి ఎంత, తర్వాత చీరలు మార్చడానికి నెలకెంత. అన్నీ కలిపి ఒకే అంకె చెప్పేవాళ్ళ దగ్గర ఆగండి. హోస్టింగు కూడా ఉచితంగా దొరికే చోట్లున్నాయి. కానీ అక్కడా షరతులే. ఉదాహరణకు గిట్‌హబ్ పేజెస్ అనేది ఉచితం, చాలామంది కుర్రాళ్ళు అందులోనే పెట్టేస్తారు. ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి దాన్ని వాడకూడదని వాళ్ళ నిబంధనల్లోనే రాసి ఉంది. మీ చీరల కొట్టును ఎక్కడ పెడుతున్నారో అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు అసలైన చిక్కుకు వద్దాం. ఈ టెంప్లేట్లన్నీ ఇంగ్లీషు కొలతలకు కత్తిరించినవి. మన తెలుగు వాటిలో బిగుతవుతుంది.

ఇంగ్లీషు అక్షరాలు బుద్ధిగా ఒకే వరస మీద కూర్చుంటాయి. మనవాటికి పైన గుడులు, కింద వత్తులు. "వస్త్రం" రాసి చూడండి, స కింద త వత్తు, దానికి తోడు ర వత్తు. "జ్యోత్స్న" అయితే ఇంకా కిందికి దిగుతుంది. ఇంగ్లీషు శీర్షికలకు వరసకూ వరసకూ మధ్య చాలా తక్కువ ఖాళీ ఇస్తారు. అందులో తెలుగు పెడితే పై వరస వత్తులు కింది వరస గుడులతో కొట్టుకుంటాయి, లేదా గడి అంచు దగ్గర సగానికి తెగిపోతాయి. దీన్ని సరిచేయడం నిమిషం పని. 'లైన్-హైట్' అన్నచోట 1.2 ఉంటే 1.6, 1.7 చేయమనండి. శీర్షికల్లో అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం పెంచడం ఇంగ్లీషులో ఒక సోకు. తెలుగులో అది పళ్ళూడిన దువ్వెనలా ఉంటుంది. ఆ 'లెటర్-స్పేసింగ్' సున్నా చేయించండి.

అక్షరాల రూపం ఇంకో సంగతి. టెంప్లేటులో వచ్చే ఇంగ్లీషు ఫాంటులో తెలుగు ఉండదు. మనం ఏమీ చెప్పకపోతే ఎవరి ఫోనులో ఏ తెలుగు ఉంటే అదే కనబడుతుంది. ఉచితంగా వాడుకోదగ్గ తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో బోలెడున్నాయి. సిలికానాంధ్ర వాళ్ళు చేయించి అందరికీ ఇచ్చినవి మండలి, మల్లన్న, రామభద్ర, సురవరం, గిడుగు, గురజాడ వగైరా. మండలి వెంకట కృష్ణారావు, సురవరం ప్రతాపరెడ్డి, గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు గార్ల వంటి పెద్దల పేర్లు పెట్టారు. చీరల ధరల పక్కన గిడుగు వారు నిలబడతారంటే నాకు భలే ముచ్చటగా ఉంటుంది! చదవాల్సిన వివరాలకు మండలి బాగుంటుంది, కొట్టు పేరుకు రామభద్ర నిండుగా ఉంటుంది. ఒకటి రెండు చాలు. ఆరు ఫాంట్లు పెడితే పేజీ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది.

అన్నట్టు, విజిటింగ్ కార్డు అచ్చువేసిన ప్రెస్సు వాళ్ళ దగ్గర తెలుగు రెడీగా ఉంది కదా, అదే తెచ్చి పెట్టేద్దామనుకుంటారు. పెట్టి చూస్తే పిచ్చిగీతలు కనబడతాయి. ప్రెస్సుల్లో ఎక్కువగా వాడేది అను ఫాంట్లు, వాటి పద్ధతి వేరు. వెబ్‌సైటుకు కావలసింది యూనికోడ్ తెలుగు, మీరు ఫోనులో టైపు చేసే తెలుగే. కాబట్టి చీరల వివరాలు మీరే తీరిగ్గా ఫోనులో టైపు చేసి పంపండి. ఈ బాధ పడలేక కొందరు తెలుగును బొమ్మగా చేసి అతికించేస్తారు. ఒప్పుకోకండి. బొమ్మలో ఉన్న మాట ఫోనుకు తగ్గట్టు విరిగి కిందికి దిగదు, వెతికేవాళ్ళకు సరిగా దొరకదు.

తెలుగు మాటలు పొడుగు కూడా. 'బై' అని ఇంగ్లీషులో మూడే అక్షరాలు పట్టే మీటలో "కొనుగోలు చేయండి" అని పెడితే అంచులు దాటి పోతుంది. "కొంటాను" అని పెట్టుకోండి, చక్కగా సరిపోతుంది. పైగా మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

టెంప్లేటులో నమూనాకోసం 'లోరెమ్ ఇప్సమ్' అంటూ అర్థంకాని లాటిన్ మాటలు నింపి ఉంచుతారు. రెండువేల ఏళ్ళ కిందటి రోమన్ పండితుడు సిసిరో రాసిన పుస్తకంలోని ముక్కల్ని కలగాపులగం చేసినవి అవి. చీరల పేజీలో ఏ మూలో ఆ ముక్క మిగిలిపోతే చూసినవాళ్ళు నవ్వుతారు. చివరిదాకా దించి చూసుకోండి. నమూనా ఫొటోలనూ తీసేయించాలి, వాటి హక్కులు ఒక్కోసారి టెంప్లేటుతోపాటు రావు. మన చీరల ఫొటోలు మనమే పొద్దుటి వెలుతురులో, వరండాలో తీసుకుంటే అసలు రంగు తెలుస్తుంది. ఫోనులో తీసిన ఫొటో నాలుగైదు ఎంబీలుంటుంది. దాన్ని 200 కేబీ దగ్గరకు కుదించి పెట్టమనండి. లేకపోతే పల్లెలో సిగ్నలు సరిగా లేనిచోట మీ పేజీ తెరుచుకునేలోపు చూసేవాళ్ళ ఓపిక అయిపోతుంది. వెంకటగిరి చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది, కాబట్టి ఆ పేరు ఆ చీరలకే రాయండి. మరమగ్గం చీరల్ని వేరే గడిలో, వేరే పేరుతో పెట్టండి.

టెంప్లేటులో 'మాకు రాయండి' అనే ఫారం ఒకటుంటుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ వెనకాల ఏర్పాటు చేయకపోతే అందులో రాసినవి ఎక్కడికీ చేరవు. దాన్ని తీసేసి వాట్సాప్ మీట పెట్టించుకోవడం మేలు. ఏ చీర కింద నొక్కితే ఆ చీర పేరుతోనే సందేశం వచ్చేలా చేయవచ్చు. "ఆ చిలకపచ్చది" అని వెతుక్కునే బాధ తప్పుతుంది. కానీ మీ సొంత నంబరు మాత్రం ఇవ్వకండి. కొట్టుకోసం వేరే సిమ్ తీసుకుని, వాట్సాప్ బిజినెస్ అందులో పెట్టుకోండి. లోకమంతా చూసే చోట ఇంటి నంబరు, ఇంటి ఫొటో, పిల్లల ఫొటోలు అక్కర్లేదు. ఊరి పేరు చాలు, కొనేవాళ్ళకు మిగతాది ఫోనులో చెప్పుకోవచ్చు.

ఊరి పేరంటే గుర్తొచ్చింది. నాయుడుపేట 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. పాత కార్డులు చూసి ఎక్కించేటప్పుడు నెల్లూరు జిల్లా అనే పడిపోతుంది. జిల్లా మార్చుకోండి, 524126 అన్న పిన్‌కోడ్ మాత్రం అలాగే ఉంచండి.

అన్నిటికన్నా ముఖ్యమైంది సైటు పేరు, అంటే డొమైను. టెంప్లేటు నచ్చకపోతే రేపు ఇంకోటి తెచ్చుకోవచ్చు, హోస్టింగు మార్చుకోవచ్చు. పేరు పోతే కొట్టు బోర్డు పోయినట్టే. 'డాట్ ఇన్' పేర్లు మామూలుగా ఏడాదికి వందల రూపాయల్లోనే దొరుకుతాయి. అంత చిన్న మొత్తం కదా అని, "నేనే కొనిపెడతానక్కా" అని చేసేవాళ్ళు తమ పేరున, తమ ఈమెయిల్‌తో కొనేస్తుంటారు. తర్వాత మాట తేడా వచ్చినా, అతను ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళిపోయినా, మీ కొట్టు తాళం అతని జేబులో ఉంటుంది. మీ పేరున, మీ ఈమెయిల్‌తో, మీ ఫోనుకు ఓటీపీ వచ్చేలా, మీరు పక్కన కూర్చుని కొనిపించండి. పాస్‌వర్డ్ పోపుల డబ్బా పుస్తకంలో కాకుండా బ్యాంకు కాగితాలతో పాటు దాచండి. ఏటా దాన్ని పునరుద్ధరించాలి, ఆ తేదీని గ్యాసు బుక్ చేసిన తేదీ రాసుకునే క్యాలెండరు మీదే రాసి పెట్టుకోండి. గడువు దాటాక కొన్నాళ్ళే మనకోసం ఆపుతారు, ఆ తర్వాత ఆ పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు.